రెండో కార్బురేటర్

మా కాలువ లాకుల మండలిలో ఒక దివ్యమైన నియమం ఉంది. పాతది స్టోర్సుకి వాపసు ఇస్తేనే కొత్తది ఇస్తారు. చీపురు కావాలంటే అరిగిన చీపురు పట్టుకెళ్ళాలి. బల్బు కావాలంటే మాడిన బల్బు పట్టుకెళ్ళాలి. ఈ నియమం పెట్టిన మహానుభావుడెవరో గానీ ఆయన కడుపు చల్లగా ఉండాలి, ఆయన చలవ వల్ల మా మండలిలో ఇంతవరకు ఒక్క వస్తువూ పోలేదు. అంటే పోతూనే ఉన్నాయి గానీ పోయినట్టు ఒప్పుకునే వీలు లేదు. పెద్దలాకు వాచ్‌మన్ టార్చిలైటుని దొంగలెత్తుకుపోతే, కొత్తది అడగబోయినవాడితో "పాతది పట్రా" అన్నారు. వాడు సంతలన్నీ తిరిగి దొంగని పట్టుకుని టార్చి లాక్కొచ్చాడు. అది ఇంకా వెలుగుతోంది కాబట్టి కొత్తది ఇవ్వలేదు.

నా పేరు సూరపరాజు. మండలి వర్క్‌షాపులో అసిస్టెంటు ఇంజినీరుని. ఇంజన్లంటే పడిచచ్చి మెకానికల్ చదివాను. చదివిన దగ్గర్నుంచి లాకుల తలుపులకి గ్రీజు పూయిస్తున్నాను. గ్రీజు కూడా యంత్రాంగంలో భాగమే అని నన్ను నేను ఓదార్చుకుంటూ ఉంటాను.

ఆ ఏడాది పైవాళ్ళకి పాతకార్ల మోజు పట్టింది. అంతకు ముందు ఏడాది చిరుధాన్యాల మోజు. ఆఫీసు క్యాంటీన్లో కొర్రల ఉప్మా తిని జనం సెలవులు పెట్టారు. ఈసారి ఎవరో పెద్దాయన విదేశం వెళ్ళి అక్కడ పాతకార్ల పందెం చూసొచ్చారట. ఇంకేం, ప్రతి శాఖా తన మూలనపడ్డ కారుని బయటికి తీసి, దాని ఇంజన్‌కి కొత్త ఊపిరి పోసి, మన్యం ఘాట్ రోడ్డు మీద పందేనికి దింపాలని ఆర్డరు వచ్చింది. ఖజానా మీద అదనపు భారం పడరాదని కింద గీత కూడా గీశారు.

మా మండలి తొలి ఛైర్మన్ గారి నల్ల కారు మా షెడ్డు వెనకే ఉంది. చూడ్డానికి ఇంకా రాజసంగానే ఉంటుంది. వెనక సీట్లో మా హెడ్ ఫిట్టరు ఎలీషా పెంచుకునే పెట్ట గుడ్లు పొదుగుతోంది. దాన్ని మర్యాదగా దింపి, కారుని షెడ్డులోకి తోయించి, నేను చీఫ్ ఇంజినీరు జగదానందం గారి దగ్గరికి వెళ్ళాను. జగదానందం గారు ఎదురుగా కూర్చున్న మనిషితో కూడా ఉత్తరం రాసినట్టే మాట్లాడతారు.

"సదరు పోటీయందు మన మండలి వాహనము ప్రథమ స్థానము పొందవలెను. కానియెడల వర్క్‌షాపు యొక్క ఆవశ్యకతను పునఃపరిశీలించుట జరుగును" అన్నారు.

"అంటే మూసేస్తారాండీ?"

"మూసివేయుట జరగదు. కొనసాగించకపోవుట జరుగును."

"మా కుర్రాళ్ళందరూ ఏమైపోతారండీ మరి?"

"ఉప్పుకాలువ చివర సర్దుబాటు చేయుట జరుగును."

ఉప్పుకాలువ చివర ఇసక తప్ప ఏమీ లేదు. అక్కడ సర్దుబాటయినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ రిటైరవుతారు. మా షెడ్డులో లేత్ మీద నడుము వంగిపోయిన మనుషులున్నారు. వాళ్ళకి తెలిసిన పని ఇదొక్కటే. నాకూ అంతే. ఆ షెడ్డు లేకపోతే నేను ఇంటి దగ్గర మా ఆవిడ మిక్సీ విప్పుకుంటూ కూర్చోవాలి.

ఇంతకీ బడ్జెట్ ఎంతని అడిగితే "లభ్య వనరులతో" అన్నారు. లభ్య వనరులంటే మా చేతులూ, కాళ్ళూ, ఆటోనగర్ తుక్కు దుకాణాల వాళ్ళ మొహమాటమూను.

నిజం చెప్పొద్దూ, భయం ఒకపక్కన ఉన్నా నాకు లోపల్లోపల గంతులేయాలనిపించింది. జన్మకో శివరాత్రి అన్నట్టు ఒక ఇంజన్ నా చేతికొచ్చింది. ఎలీషా, నేనూ దాన్ని ముక్కముక్కగా విప్పాం. సిలిండర్ హెడ్డుని మా లేత్ మీదే కాస్త చెక్కి కంప్రెషన్ పెంచాం. గాలి వెళ్ళే దారుల్ని ఎమరీ కాగితంతో రుద్ది రుద్ది అద్దంలా చేశాం. మునిగిపోయిన ట్రావెల్సు కంపెనీ వ్యానొకటి తుక్కులో ఉంటే దాని వాల్వులు తెచ్చి, అవి ఆనే సీట్లు కోసి కూర్చోబెట్టాం. పిస్టన్లన్నీ ఒకే బరువు ఉండాలి, లేకపోతే వేగం మీద ఇంజన్ ఒణుకుతుంది. అంత సన్నటి త్రాసు మా దగ్గరెక్కడుంది? బజార్లో కంసాలి వీరభద్రాచారి గారి కొట్టుకి పట్టుకెళ్ళి, ఆయన గొలుసులు తూచే త్రాసులో పిస్టన్లు తూచాం. గొలుసు కొనడానికొచ్చిన ఒకావిడ అది చూసి, తరుగు ఎంత వేస్తారండీ అని అడిగింది.

అన్నీ కుదిరాయి. ఒక్కటే లోటు. ఇంత పెద్ద గుండెకి ఒక్క ముక్కు చాలదు. ఒక కార్బురేటర్ పోసే పెట్రోలూ గాలీ దానికి ఏ మూలకీ రావు. రెండోది కావాలి. దైవం కలిసొచ్చి సరిగ్గా అలాంటిదే ఒకటి స్టోర్సులో అట్టపెట్టె విప్పకుండా పడి ఉంది. ఏ కాలంలోనో, ఎందుకో కొన్నారు. నేను ఇండెంటు రాసి పట్టుకెళ్ళాను.

స్టోర్సు ఆఫీసరు చయనులు గారు చాలా మంచివారు. ఆయన చేతిలో ఎవరికీ అన్యాయం జరగదు. ఎవరికీ ఏమీ జరగదు కాబట్టి.

"ఇండెంటు భేషుగ్గా ఉందండీ రాజు గారూ. పాతదేదండీ?"

"పాతది కారుకే ఉందండీ. ఇది రెండోదండీ."

"అదేనండీ. ఆ రెండోదాని పాతది?"

"రెండోది ఇదివరకు లేదండీ. ఇప్పుడు కొత్తగా పెడుతున్నాం."

చయనులు గారు కళ్ళజోడు తీసి ఉత్తరీయంతో తుడుచుకున్నారు. "లేనిది అరగదు కదండీ. అరగనిదానికి కొత్తది ఎందుకండీ?"

 

సరే, జేబులోంచి డబ్బులు తీసి ఆటోనగర్లో ఒక చచ్చిన కార్బురేటర్ కొని పట్టుకెళ్ళాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, బల్ల మీద పెట్టేశారు.

"ఇది మన దగ్గర చెడింది కాదండీ. ఎవరి దగ్గరో చెడింది. పరాయివాళ్ళ దగ్గర చెడినదానికి మనం కొత్తది ఇచ్చామనుకోండి, రేపు ఊళ్ళో చెడు అంతా మన గుమ్మంలోకే వస్తుందండీ."

"మరేం చెయ్యమంటారండీ?"

"మండలి సేవలో చెడాలండీ."

ఎలీషా దాన్ని ఇనపతీగతో ఉప్పుకాలువ లాకు తలుపుకి కట్టాడు. పోటుకి మునుగుతూ ఆటుకి తేలుతూ అది మండలి సేవ చేసింది. ఇక చాలు తీసెయ్యరా అంటే ఎలీషా వినలేదు. "ఇంకొన్నాళ్ళు ఉండనిద్దారండీ సారండీ. గుల్లలు కూడా అతుక్కుంటాయండీ, ఆయ్" అన్నాడు. అన్నట్టుగానే అతుక్కున్నాయి. చయనులు గారు ఆ గుల్లల్ని వేలితో తడిమి "అబ్బ, ఏం సేవండీ!" అని కొత్తది ఇచ్చేశారు. దాని మీద కంపెనీ చుట్టిన పసుపు రంగు కాగితం కూడా అలాగే ఉంది.

అది బిగించి తాళం తిప్పిన రోజు షెడ్డులో ఎవరూ పని చెయ్యలేదు. ఇంజన్ ఒక్కసారి దగ్గి, అందుకుంది. యాక్సిలరేటర్ మీద కాలు వేస్తే గోడకి కొట్టిన రేకులు దడదడలాడాయి. కాలు తీస్తే పాపాయి గురకలా మెత్తగా అయిపోయింది. ఎలీషా కళ్ళు తుడుచుకుని, పెట్రోలు పొగండీ అన్నాడు. నేను మాత్రం అబద్ధమాడను, ఏడ్చాను. ఘాట్ రోడ్డు మనదే, షెడ్డు మనదే అనుకున్నాం అందరం.

అప్పుడు ఆడిట్ వచ్చింది.

ఆడిట్ ఆఫీసరు త్రిపురమల్లు గారు ఎవరింట్లోనూ కాఫీ తాగరు. ఎక్కడా నవ్వరు. చీఫ్ ఇంజినీరు గారి గదిలో జగదానందం గారినీ, చయనులు గారినీ, నన్నూ వరసగా కూర్చోబెట్టారు.

"మీ కారొకటి. దాని ఇంజన్ ఒకటి. ఇంజన్‌కి కార్బురేటర్ ఒకటి. ఔనా?"

"ఔనండీ" అన్నాను.

"అది అలాగే ఉండగా, చెడిన కార్బురేటర్ మరొకటి వాపసు ఇచ్చారు. అది మండలి సేవలోనే చెడినట్టు స్టోర్సు వారు ధ్రువీకరించారు. ఔనా?"

"ఔనండీ, గుల్లలు కూడా ఉన్నాయండీ" అన్నారు చయనులు గారు గర్వంగా.

"కార్బురేటర్ అనునది ఒంటరిగా సేవ చేయజాలదు. దానికొక ఇంజన్ ఉండవలెను. కావున మండలికి రెండవ ఇంజన్ ఉండెను. అదెక్కడ?"

 నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. బల్ల కింద జగదానందం గారి బూటు నా కాలి మీద పడింది. నిజం చెప్తే లేనిదాన్ని వాపసు తీసుకున్నందుకు చయనులు గారు, ఇచ్చినందుకు నేను, సంతకం పెట్టినందుకు జగదానందం గారు, ముగ్గురం ఇంటికి. అబద్ధం చెప్తే ఒక ఇంజన్ మాత్రమే.

"రెండవ ఇంజన్ ఉండిన మాట వాస్తవము. ప్రస్తుతము కానరాకున్నది" అన్నారు జగదానందం గారు.

"పోటీ తేదీలోపు చూపించవలెను. చూపించనియెడల చోరీ జరిగిన స్థలముగా పరిగణించి వర్క్‌షాపుకు సీలు వేయుట జరుగును." త్రిపురమల్లు గారు తన మంచినీళ్ళ సీసా తను తీసుకుని వెళ్ళిపోయారు.

అంటే ఇప్పుడు పందెం గెలవకపోయినా మూతే, లేని ఇంజన్ చూపించకపోయినా మూతే. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు గానీ, మాకు రెండువైపులా గొయ్యే, నుయ్యి అయితే నీళ్ళయినా ఉండేవి.

తుక్కు దుకాణంలో ఇంకో ఇంజన్ కొని తెస్తానన్నాను. చయనులు గారు ఒప్పుకోలేదు. పరాయి ఇంజన్ కుదరదు, ఈ కారుకి పనిచేసిన ఇంజనే కావాలి అన్నారు. ఈ కారుకి పుట్టి బుద్ధెరిగాక ఒక్కటే ఇంజన్.  జగదానందం గారి మొహంలో మెల్లగా వెలుగు వచ్చింది. ఆ వెలుగు చూస్తే మా శాఖలో అందరూ సెలవు చీటీ రాసుకుంటారు.

"ఉన్న ఇంజన్‌నే రెండవ ఇంజన్‌గా వాపసు చేయుడు. పాతది వాపసు చేసినందున స్టోర్సు నుండి కొత్త ఇంజన్ పొందుడు. కొత్త ఇంజన్‌తో పోటీయందు పాల్గొనుడు. అభ్యంతరము తొలగును, నియమమూ పాటింపబడును."

"అప్పుడు మొదటి ఇంజన్ ఏదని అడుగుతారేమోనండీ?"

"మొదటిదాని విషయమై ఎట్టి అభ్యంతరమూ లేదు" అన్నారాయన.

నేను కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆ ఇంజన్ ఉంటే పందెం గెలుస్తామండీ, అది లేకపోతే దేంతో గెలుస్తామండీ అన్నాను. "గెలుపు అనునది తదుపరి అంశము" అన్నారు. మర్నాడు చయనులు గారు వాపసు తీసుకోవడానికి షెడ్డుకి వచ్చారు. ఎలీషా తాళం తిప్పి వినిపించాడు. ఆయన చెవులు మూసుకుని విన్నారు.

"ఇది పనిచేస్తోందండీ!"

"ఔనండీ, బ్రహ్మాండంగా."

"పనిచేసేదాన్ని పాతదని ఎలా తీసుకోనండీ? చెడాలి కదండీ."

ఎలీషా మూలనున్న పెద్ద సుత్తి వైపు చూశాడు. వాడికి ఆ సుత్తి ఎత్తే మనసు లేదని నాకు తెలుసు. చయనులు గారే అడ్డుపడ్డారు. "సుత్తి దెబ్బ సేవ కిందకి రాదండీ. నడుస్తూ నడుస్తూ చెడాలి. నేను చూడాలి" అన్నారు.

అలా మేము ముగ్గురం, నేను స్టీరింగు దగ్గర, ఎలీషా పక్కన, చయనులు గారు వెనక సీట్లో, కాలువగట్టు మీదికి వెళ్ళాం. ఎండ చిటపటలాడుతోంది. నేను కాలు అదిమాను. కారు ముందుకి దూకింది. గట్టు మీద కొబ్బరిచెట్లు ఒకదాని వెనక ఒకటి వెనక్కి పోయాయి. ఇటుకల లారీవాడు పక్కకి తప్పుకుని మమ్మల్ని తిట్టడం కూడా మరిచిపోయాడు. వెనకనుంచి చయనులు గారు మొదట ఆంజనేయ దండకం అందుకున్నారు, రెండో లాకు దాటేసరికి దండకం ఆపేసి "ఇంకొంచెం పోనివ్వండి రాజు గారూ" అన్నారు. కాలువ సముద్రంలో కలిసే మొగదాకా వెళ్ళి తిరిగొచ్చాం. ఇంజన్ చెడలేదు. మళ్ళీ వెళ్ళాం. దానికి చెమటైనా పట్టలేదు.

నా ఉద్యోగం మొత్తం మీద నాకు సంతోషం వేసిన పూట అదొక్కటే. అది చెడగొట్టడానికి బయల్దేరిన పూట.

"ఎంత తోలినా ఇది సావదండీ సారండీ" అన్నాడు ఎలీషా కారు ఆపాక. "మనం సేసింది కదండీ."

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. దారి తెలుసు ఇద్దరికీ. షెడ్డు ఉండాలంటే ఇంజన్ ఉండకూడదు. ఎలీషా కారు కిందికి దూరి ఆయిల్ బిళ్ళ విప్పాడు. మేము పోసిన ఆయిల్, ఇంకా తేనెరంగు కూడా మారనిది, గట్టు మట్టిలోకి కారిపోయింది. నేను మళ్ళీ కాలు అదిమాను. కొంతదూరం అది మామూలుగానే పాడింది. తర్వాత గొంతు జీరపోయింది. నన్నెందుకిలా చేస్తున్నావని అడిగినట్టు అనిపించి నేను ఆపబోతే, వెనకనుంచి చయనులు గారు "ఇంకా పనిచేస్తోందండీ" అన్నారు. పోనిచ్చాను. ఇనుము ఇనుముని పట్టుకున్న చప్పుడు ఒకటి వచ్చింది. కారు గట్టు మీద అలా నిలబడిపోయింది.

చయనులు గారు దిగి, బానెట్ మీద చెయ్యి వేసి, వేడికి చుర్రుమంటే తీసేసుకున్నారు. "ఎంత మంచి ఇంజనండీ" అన్నారు.  ఉత్తరీయంతో ముక్కు తుడుచుకుని "ఇప్పుడు తీసుకుంటానండీ" అన్నారు.

మాట తప్పలేదాయన. రెండో ఇంజన్ వాపసు వచ్చిందని ఆడిట్‌కి రాసి, ఆ సాయంత్రానికల్లా కొత్త ఇంజన్ ఇచ్చేశారు. స్టోర్సులో ఉన్న కొత్త ఇంజన్ ఒక్కటే, చేలకి నీళ్ళు తోడే ఆయిల్ ఇంజన్. ఒంటి సిలిండరు, పక్కన బండిచక్రమంత చక్రం, హ్యాండిలు వేసి తిప్పాలి. ఇది కారుకి ఎలాగండీ అంటే, "ఇంజన్ అడిగారు, ఇంజన్ ఇచ్చామండీ. నచ్చకపోతే దీన్ని చెడగొట్టి పట్టుకురండి, ఇంకోటి ఇస్తాను" అన్నారు.

బానెట్ తీసేసి, దాన్ని ముందు బిగించి, బెల్టు వేసి గేర్‌బాక్సుకి కలిపాం. పందెం రోజున ఘాట్ రోడ్డు మొదట్లో షామియానా వేశారు. శాఖలన్నీ కార్లు తెచ్చాయి. రంగులు వేసి, పూలదండలు వేసి, పెళ్ళికొడుకుల్లా నిలబెట్టారు. పచ్చజెండా ఊపారు. ఒక్కటీ కదల్లేదు. ఒక శాఖ కారుకి పెట్రోలు మంజూరయింది గానీ, అది గమ్యస్థానంలో పోయించుకోవాలట. ఒకదానికి డ్రైవరు డెప్యుటేషన్ మీద వేరే జిల్లా వెళ్ళాడు, తాళం చెవితో సహా. అన్నిటికంటే అందంగా ఉన్న ఎర్రకారుకి టైర్లు వచ్చే ఆర్థిక సంవత్సరంలో వస్తాయి, ఇటుకల మీద నిలబెట్టారు.

ఎలీషా హ్యాండిలు తిప్పాడు. టకటకటకమంటూ మా కారు బయల్దేరింది. పక్కన ఇడ్లీలమ్మే ఆవిడ గిన్నె నెత్తిన పెట్టుకుని మాతోపాటే కొండెక్కింది. మలుపు దగ్గర మాకంటే ముందుకెళ్ళి, చట్నీ ఒలికిందని ఆగింది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ప్రథమ బహుమతి ఆవిడకే రావలసింది.

పైన దండలు వేశారు. జగదానందం గారు మైకు పట్టుకున్నారు. "లభ్య వనరులతో మా వర్క్‌షాపు సాధించిన ఈ విజయము శ్లాఘనీయము" అన్నారు. షెడ్డు నిలబడిందని ఎలీషా నా భుజం మీద చెయ్యేసి నొక్కాడు. ఇంజన్ పోతే పోయింది, మనుషులు మిగిలారనుకున్నాను. జగదానందం గారు ఇంకా మైకు వదల్లేదు. "కావున ఇంతటి ప్రతిభావంతులకు పాత షెడ్డు తగదు. ప్రభుత్వము వారు నూతన వర్క్‌షాపు మంజూరు చేసియున్నారు." చప్పట్లు మారుమోగాయి. నేనూ కొట్టాను.

సోమవారం పొద్దున్నే చయనులు గారు షెడ్డుకి వచ్చారు. చేతిలో స్వీట్ల పెట్టె ఉంది. అందరికీ తలో కాజా పంచి, నా పక్కన స్టూలు మీద కూర్చున్నారు.

"కొత్తది వచ్చిందటగా రాజు గారూ. శుభం. మరి పాతది?"

నేను చుట్టూ చూశాను. లేత్ తిరుగుతోంది. ఒకడు లాకు తలుపు బందు కోస్తున్నాడు. ఒకడు వెల్డింగు నిప్పురవ్వల్లో ఉన్నాడు. ఎలీషా ఆయిల్ ఇంజన్ బెల్టు సరిచేస్తున్నాడు.

"ఇదేనండీ" అన్నాను.

ఆయన కూడా చుట్టూ చూశారు. బాధగా తల అడ్డంగా ఊపారు. "ఇలా ఎలా తీసుకోనండీ? లేత్ తిరుగుతోంది, మనుషులు పనిచేస్తున్నారు. ఇంత బాగున్నదాన్ని పాతదని ఎలా రాసుకోమంటారు చెప్పండి."

ఎలీషా విన్నాడు. బెల్టు వదిలేసి, నా వైపు చూశాడు.  వాడు లేచి వెళ్ళి లేత్ స్విచ్ ఆపేశాడు. అది చూసి వెల్డింగువాడు ఆపేశాడు, తర్వాత బందు కోసేవాడు, తర్వాత అందరూ. నేను ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచి పగటిపూట ఆ షెడ్డులో అంత నిశ్శబ్దం నేనెన్నడూ వినలేదు.

చయనులు గారు కాజా నములుతున్నవారల్లా ఆపి, చెవి ఒగ్గి విన్నారు. ఆయన మొహం విప్పారింది.

"ఆఁ, ఇప్పుడు దారికొస్తోందండీ" అన్నారు.